సవరణ: 90 రోజుల బెయిలు గురించి

అరెస్టయి జైల్లో ఉన్న మనిషి మీద పోలీసులు చార్జిషీటు (కోర్టుకిచ్చే అభియోగపత్రం) వేయకుండా 90 రోజులు దాటితే బెయిలు దానంతట అదే వస్తుందని మొన్న రాశాను. అది తప్పు. తిరుపతి కోర్టులో ప్రాక్టీసు చేసే ఒక లాయరు గారు చెప్పాక భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 187వ సెక్షన్ తీసి చూశాను. మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్లు ఆపైన శిక్ష పడే నేరాలకే 90 రోజులు, మిగతావాటికి 60. లెక్క అరెస్టు నుంచి కాదు, మేజిస్ట్రేటు రిమాండుకు పంపిన రోజుతో మొదలవుతుంది.

గడువు దాటితే జైలు వాళ్లేం తలుపు తీసి పంపరు. మనమే పిటిషన్ వేయాలి, పూచీకత్తు పెట్టాలి. ‘సోమవారం వేద్దాంలే’ అని కూర్చుంటే, ఈలోపు పోలీసులు చార్జిషీటు వేసేస్తే ఆ హక్కు పోయినట్టే. ఇక మామూలు బెయిలే అడుక్కోవాలి.