ఆయనను ముందే అడిగి ఉంటే

తీవ్రమైన జబ్బున్నవారికి చివరి దశలో ఎలాంటి చికిత్స చేయాలన్న విషయంలో, కుటుంబానికి సమాచారం ఇస్తే నిర్ణయం వాళ్లే తీసుకుంటారని ఈమధ్య ఒక వ్యాసకర్త రాశారు. ఆ మాట ఒప్పుకోలేను. 1995లో వెలువడిన ‘సపోర్ట్’ అధ్యయనం అమెరికాలోని 5 ఆసుపత్రుల్లో 9,000 మందికి పైగా రోగులను పరిశీలించింది. బతికే అవకాశాల అంచనాలు వైద్యులకు అందించారు, రోగులతో, కుటుంబాలతో మాట్లాడటానికి నర్సులను పెట్టారు. అయినా చికిత్స తీరు మారలేదు.

మా నాన్నగారికి వెంటిలేటర్ పెట్టాలా వద్దా అని ఐసీయూ తలుపు దగ్గర నిలబెట్టి అడిగారు. సంతకం చేయవలసిన కాగితం అమ్మ చేతిలో వణుకుతోంది. అన్నయ్య పెట్టమన్నాడు, నేను వద్దన్నాను. నాన్నగారికి ఏం కావాలో ఇద్దరికీ తెలియదు. ఎప్పుడూ అడగలేదు మరి!

2010 నాటి మెల్‌బోర్న్ అధ్యయనం నాకు ఎక్కువ నమ్మకం కలిగించింది. 80 ఏళ్లు, ఆపైన వయసున్న రోగులతోనూ వారి కుటుంబాలతోనూ శిక్షణ పొందినవారు ముందే కూర్చుని, చివరి దశలో ఎలాంటి చికిత్స కావాలో మాట్లాడారు. ఆరు నెలల్లో చనిపోయినవారిలో 86 శాతం మంది కోరిక ఇంట్లోవాళ్లకు తెలిసింది, నెరవేరింది. మామూలు పద్ధతిలో అది 30 శాతమే. చనిపోయినవారు రెండు వర్గాల్లో కలిపి 56 మందే, సంఖ్య చిన్నదే. కానీ వెనక మిగిలినవారిలో కుంగుబాటు, ఆందోళన కూడా తగ్గాయి. అన్నయ్యా నేనూ ఆ తలుపు దగ్గరి మాటలను ఇప్పటికీ ఎత్తలేకపోతున్నాం.