ఆ 45 రోజుల సర్టిఫికెట్ మెసేజ్ ఇంక పంపకండి

ఈ వారంలో ఇది నాలుగోసారి. మొదట మా ఎమ్మెస్సీ గ్రూపులో, తర్వాత ఒక జూనియర్, నిన్న మా పిన్ని, "చెల్లి డిగ్రీ అయిపోయిందిగా, దీంట్లో చేర్పించమంటావా అమ్మా" అంటూ. మెసేజ్ సారాంశం: సెల్ అండ్ జీన్ థెరపీలో (కణాలతో, జన్యువులతో చేసే వైద్యం) 45 రోజుల ఆన్‌లైన్ కోర్సు, ఫీజు 60 వేలు, ఏ డిగ్రీ అయినా పర్లేదు, ఎంట్రన్సులు అక్కర్లేదు, ఒక్క డోసే 16 కోట్లు కాబట్టి జీతాలు లక్షల్లోనే, ఇండియాలో ఏమీ లేదు ఫారిన్ వెళ్ళిపోవచ్చు, పీహెచ్‌డీ దండగ.

ఇండియాలో ఏమీ లేదా? నెక్స్‌కార్19 (పేషెంట్ సొంత టీ-సెల్స్‌ని, అంటే రోగనిరోధక కణాల్ని, ల్యాబ్‌లో మార్చి క్యాన్సర్ మీదికి పంపే కార్-టీ థెరపీ) ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ వాళ్ళ పనే, 2023 అక్టోబర్లో పర్మిషన్ వచ్చింది. 2025 జనవరిలో బెంగళూరు నుంచి ఇంకో కార్-టీ వచ్చింది. వెల్లూరు సీఎంసీలో హీమోఫీలియాకి (రక్తం గడ్డకట్టని జబ్బు) జీన్ థెరపీ ట్రయల్ చేశారు. ఈ పాయింట్ అయిపోయింది.

డోసు ధర చూసి జీతం లెక్కేసేవాళ్ళు బ్లూబర్డ్ బయో అనే అమెరికా జీన్ థెరపీ కంపెనీ సంగతి చూడండి. థలసీమియాకి (వంశపారంపర్య రక్తజబ్బు) వాళ్ళ మందు జింటెగ్లో ధర 2022లో 28 లక్షల డాలర్లు. 2025లో కంపెనీ మొత్తాన్ని మొదట సుమారు 3 కోట్ల డాలర్లకి అమ్మేందుకు ఒప్పందం కుదిరింది, అంటే పదకొండు మంది పేషెంట్ల మందు ఖరీదు. అదే ఏడాది టకేడా, నోవో నార్డిస్క్ లాంటి పెద్ద మందుల కంపెనీలు సెల్ థెరపీ నుంచే తప్పుకున్నాయి. జీతాలు ఎక్కడినుంచి వస్తాయనుకుంటున్నారు?

నాకు ఒళ్ళు మండేది మాత్రం ఆ 45 రోజుల ఆన్‌లైన్ మాటకి. నేను ఈ కార్-టీ తయారీలోనే క్యూసీలో (నాణ్యత పరీక్షల విభాగం) చేస్తున్నా. మా దగ్గరికొచ్చే బ్యాగు మీద ఒకే ఒక్క పేషెంట్ ఐడీ ఉంటుంది, లోపల ఆ మనిషి రక్తంలోంచి తీసిన టీ-సెల్స్, అప్పటికే రెండు మూడు రకాల కీమోలు అయిపోయిన మనిషి, మళ్ళీ తీద్దామంటే సెల్స్ సరిగ్గా రావొచ్చు, రాకపోవచ్చు, ఈలోపు జబ్బు ఆగదు. అది కంటామినేట్ అయితే పారేసి ఇంకో బ్యాచ్ పెడదాం అనడానికి లేదు. అందుకే క్లీన్‌రూంలో (క్రిములు చేరకుండా ఉంచే తయారీ గది) అడుగుపెట్టడానికే పరీక్ష. గౌను వేసుకున్నాక గ్లవ్స్ వేళ్ళకి, ముంజేతులకి, ఛాతీకి అగార్ ప్లేట్లు (క్రిములుంటే వాటిని పెంచే జెల్లీ ప్లేట్లు) అద్ది ఇంక్యుబేటర్లో పెడతారు. పెరిగిన క్రిముల గుంపులు, అంటే కాలనీలు, లిమిట్ దాటితే ఫెయిల్, వరసగా మూడుసార్లు పాసవ్వాలి. నేను రెండోసారి ఫెయిలయ్యా, కుడి ముంజేతి దగ్గర, మళ్ళీ మొదట్నుంచి. వీడియోలు చూసినవాళ్ళ చేతికి ఆ బ్యాగు ఇస్తారా? మీ ఇంట్లో మనిషిదైతే మీరు ఇవ్వనిస్తారా? ఏ డిగ్రీ అయినా పర్లేదట! ఆ సర్టిఫికెట్ కోసం మా పిన్ని గాజులు కుదువ పెట్టబోయింది, మీ ఫార్వర్డ్ చూసే.

పీహెచ్‌డీ విషయంలో మాత్రం ఆ మెసేజ్ దాదాపు కరెక్టే, ఒప్పుకుంటున్నా. రీసెర్చ్‌కి కావాలి గానీ తయారీకి, క్యూసీకి అక్కర్లేదు, మా టీంలో ఎక్కువమంది ఎమ్మెస్సీలు, బీఫార్మసీలే. జీనోమ్ వ్యాలీలో వ్యాక్సిన్ ప్లాంటులో రెండేళ్ళు చేసొచ్చిన అబ్బాయి రాసే బ్యాచ్ రికార్డులో ఒక్క కొట్టివేత కూడా సంతకం, తేదీ లేకుండా ఉండదు. అతని దగ్గరే నేను నేర్చుకున్నా.

చెల్లికి గాట్-బి (బయోటెక్ పీజీకి జాతీయ ఎంట్రన్స్) రాయమన్నా. డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ శాఖ) సీటొస్తే ఎమ్మెస్సీకి నెలకి 5,000 స్టైపెండ్ వాళ్ళే ఇస్తారు. ప్రాజెక్టుకి సెల్ కల్చర్ రోజూ నడిచే ల్యాబ్ వెతుక్కోమన్నా, ఫ్లో సైటోమీటర్ (కణాల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి గుర్తించే మిషన్) ఉంటే మరీ మంచిది. మీరు ఇంకోసారి ఆ మెసేజ్ పంపేముందు అందులో ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి, 45 రోజుల్లో ఒక్క రోజైనా ల్యాబ్ ఉందా అని అడగండి.