అన్నా, ఇంకొక్కసారి మోస్తావా, ఎండ సరిగ్గా పడలేదు

మన హైదరాబాద్‌లో ఆదివారం తెల్లారితే చాలు, బేగంబజార్‌లో ఫోటోవాక్ మొదలవుతుంది. మెడలో లక్షన్నర కెమెరా, మొహంలో పేదవాడి మీద కొండంత జాలి. ఉస్మాన్‌గంజ్ దాకా నడిచి, ఛాయ్ తాగి, కష్టజీవుల బతుకంతా మెమరీ కార్డులో నింపుకొని పదింటికల్లా దోసెలకి వెళ్లిపోతారు. వీళ్లంటే నాకు అపారమైన గౌరవం.

మొన్న ఒక హమాలీ పెద్దాయన చక్కెర బస్తా వీపున వేసుకుని గోదాం మెట్లెక్కుతున్నాడు. ఎదురుగా మోకాళ్ల మీద ఒక గుంపు, ఫోటోలు టపటపా కొట్టేస్తున్నారు. ఆయన బస్తా దించి తువ్వాలతో మెడ తుడుచుకునేలోపే వాక్ నడిపించే గురువుగారు వచ్చారు. "అన్నా, ఇంకొక్కసారి మోస్తావా, ఎండ సరిగ్గా పడలేదు." దించిన బస్తాని కిందికి తెచ్చి మళ్లీ పైకెక్కించమంటున్నారని అర్థం కావడానికి ఆయనకి కాసేపు పట్టింది. "బస్తాకింత అని సేటు ఇస్తడు సారూ, ఇది మోస్తే ఎవరిస్తరు?" అన్నాడు. అక్కడే నడి బజార్లో చర్చ పెట్టారు. డబ్బిస్తే ఫోటోలో నిజాయితీ పోతుందట, ఊరికే మోయిస్తే పోదట. పాపం ఒకమ్మాయి, బస్తాలో దూది నింపి మోయించొచ్చు కదా సర్ అంది, మంచి మనసు. "బరువు లేకపోతే మెడ నరం ఉబ్బదమ్మా" అని గురువుగారు కొట్టిపారేశారు. చివరికి పెద్దాయనే "పోనీ, పిల్లలు అడుగుతున్నరు" అని మళ్లీ మోశాడు. కెమెరా వైపు చూడకు, నేచురల్‌గా ఉండు అని పక్కనుంచి కేకలు.

ఆ ఫోటో ఇప్పుడు జూబ్లీహిల్స్‌లో ఒక ఏసీ హాల్లో బ్లాక్ అండ్ వైట్‌లో వేలాడుతోంది. పేరు 'శ్రమ-4'. తీసినాయన పేరు కింద ఉంది, మోసినాయన పేరు మాత్రం నాలుగో నంబరు.

పేరు అడక్కపోవడం ఈ విద్యలో పాత ఆచారమే లెండి. 1936లో కాలిఫోర్నియాలో బఠాణీ కోసే కూలీల శిబిరంలో అమెరికా ఫోటోగ్రాఫర్ డొరోథియా లాంగే తీసిన తల్లీపిల్లల ఫోటో ప్రపంచమంతా తిరిగింది. పేరు అడగలేదని లాంగే తనే రాసుకుంది. ఆ తల్లి ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. ఆ ఫోటో వల్ల తనకి పైసా రాలేదని ఆమె అప్పటికీ మండిపడుతూనే ఉంది. అదే మన ఆరో నిజాం కొలువు ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్, 1892లో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియోనే తెరిచాడు. ఎదుటివాళ్ల ఇష్టం కనుక్కుని తీసే మర్యాద మనకి కొత్తేం కాదు, కాకపోతే హవేలీ గేటు దాటి బయటికి రాలేదు.

కూలీలు తామే కెమెరా పట్టిన రోజులూ ఉన్నాయి. 1926లో జర్మనీలో 'ఏ.ఐ.జెడ్' అనే పత్రిక, మీ ఫ్యాక్టరీలు, మీ ఇళ్లు, మీ సమ్మెలు మీరే తీసి పంపండని కార్మికులకి పిలుపునిచ్చింది. సంఘాలు పుట్టాయి, వాళ్లకంటూ ఒక పత్రిక వచ్చింది. 1933లో నాజీలు వచ్చి జర్మనీలో అవన్నీ లేకుండా చేశారు. మన వాక్ గురువులు ఈ సంగతి ఎత్తరు. హమాలీ చేతిలో కెమెరా ఉంటే ముందు వీళ్ల బూట్లే తీస్తాడు మరి.

ఇక సర్కారు వారి ఫోటోగ్రఫీ. ఉపాధి హామీ పనుల్లో హాజరంటే రోజుకి రెండు ఫోటోలు, అవి యాప్‌లోకి ఎక్కాలని 2023 జనవరిలో రూలు పెట్టారు. ఫోటోలకే ఫోటోలు తీసి ఎక్కిస్తున్నారని 2025లో కేంద్రమే లేఖ రాసింది. అంటే దొంగకి ఈ యాప్ అడ్డం కాలేదు. అడ్డమైంది ఎవరికి? పొద్దున్నుంచీ ఎండలో మట్టి తవ్వి, మధ్యాహ్నం సిగ్నల్ లేక రెండో ఫోటో ఎక్కని ఆడమనిషికి. తవ్విన గుంత కళ్లముందే ఉంది, చేతుల బొబ్బలు కళ్లముందే ఉన్నాయి, ఫోటో లేదు కాబట్టి కూలి లేదంటారా? సిగ్గుందా అసలు? ఆ గుంత దగ్గరికి ఒక్క అధికారి కాళ్లతో నడిచొచ్చి, చూసి, ఆ రోజు కూలి రాసివ్వడానికి ఏం అడ్డమొచ్చింది?