మినరల్ చుక్కలతో క్లోమం బాగుపడదు

పొదిలి, దర్శి, కనిగిరి వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ప్లాంటు నీళ్లలో ఖనిజాలు లేక క్లోమం (పాంక్రియాస్) తిండిని అరిగించే ఎంజైములు వదలడం మానేస్తోందట, అందుకే అరుగుదల పోయి షుగర్ వస్తోందట. ఛార్జ్ ఉన్న కాల్షియం, మెగ్నీషియం చుక్కలు నీళ్లలో కలుపుకున్నా, మళ్లీ బోరు నీళ్లు తాగినా అంతా సర్దుకుంటుంది, మాత్రలు మానేయొచ్చు అంటున్నారు. ఇందులో ఒక్క నిజం ఉంది. దాని చుట్టూ అల్లిందంతా తప్పు.

"క్లోమానికి కాల్షియం కావాలి." ఇదే ఆ నిజం. క్లోమ కణాలు ఎంజైములను చిన్న చిన్న రేణువుల్లో నింపి, నాళం వైపున్న కొసలో పేర్చి ఉంచుతాయి. మనం తిన్నాక పేగు నుంచి కొలిసిస్టోకైనిన్ అనే హార్మోను, నరాల నుంచి ఎసిటైల్‌కోలిన్ వచ్చి కణాన్ని తాకుతాయి. అప్పుడు కణం లోపలి నిల్వలోంచి కాల్షియం అయాన్లు బయటపడతాయి. ముందుగా ఆ కొసలోనే కాల్షియం పెరుగుతుంది. రేణువులు పొరకు అతుక్కుని ఎంజైములను నాళంలోకి వదులుతాయి. వెంటనే కణం ఆ కాల్షియాన్ని మళ్లీ నిల్వలోకి, కణం బయటికి తోడేస్తుంది.

అంటే ఈ పని మొదలుపెట్టే కాల్షియం ఇందాక తాగిన గ్లాసులోది కాదు. ప్రయోగశాలలో కణాల చుట్టూ ఉన్న ద్రవంలో కాల్షియం పూర్తిగా తీసేస్తే స్రావం మొదలవుతుంది గానీ ఎక్కువసేపు సాగదు. నిల్వ మళ్లీ నిండాలంటే బయటి కాల్షియం కావాలి మరి. కానీ మన ఒంట్లో ఆ పరిస్థితి రాదు. పారాథైరాయిడ్ హార్మోను, విటమిన్ డి కలిసి రక్తంలో కాల్షియాన్ని డెసీలీటరుకు సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య నిలిపి ఉంచుతాయి. తగ్గితే ఎముకల నుంచి తీసుకుంటాయి. క్యాన్ నీళ్లు తాగినంత మాత్రాన క్లోమం ఆగిపోదు.

"కాల్షియం ఎంత ఎక్కువైతే ఎంజైములు అంత ఎక్కువ." నాకు ఎక్కువ భయం వేసింది ఈ మాటకే. కణంలో కాల్షియం పెరిగి అలాగే ఉండిపోతే, పేగులో పనిచేయాల్సిన ట్రిప్సిన్ అనే ఎంజైము క్లోమంలోనే మొదలై ఆ అవయవాన్నే జీర్ణం చేస్తుంది. రక్తంలో కాల్షియం బాగా పెరగడం క్లోమం వాచే జబ్బయిన పాంక్రియాటైటిస్‌కు తెలిసిన కారణాల్లో ఒకటి. నాలుగు చుక్కలతో అంత పెరగదు, నిజమే. అయినా ఆ లెక్క తప్పే.

"మెగ్నీషియం కూడా అదే పని చేస్తుంది." చేయదు. ప్రయోగాల్లో మెగ్నీషియం పెంచితే క్లోమ కణాల్లో కాల్షియం కదలిక, ఎంజైముల స్రావం రెండూ తగ్గాయి. పైగా కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో మెగ్నీషియం సరిగా బయటికి పోక పేరుకుంటుంది.

ఇక "ఛార్జ్" సంగతి. నీళ్లలో కరిగిన ఏ ఉప్పయినా ఛార్జ్ ఉన్న అయాన్లుగానే ఉంటుంది, మీ పప్పుచారులో ఉప్పు కూడా.

"షుగర్ తగ్గుతుంది." ఎంజైములు చేసే కణాలు వేరు, ఇన్సులిన్ చేసే బీటా కణాలు వేరు. ఇన్సులిన్ విడుదలకూ కాల్షియం కావాలి, కానీ దాన్ని కదిలించేది ముఖ్యంగా రక్తంలోని గ్లూకోజు. ఈ మెసేజ్ నమ్మి షుగర్ మాత్రలు ఆపకండి.

బోరు నీళ్ల సలహా మన ప్రాంతంలో ఎవరూ ఇవ్వకూడనిది. దేశంలో, ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లతో వచ్చే ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. 1970లో ఒంగోలు జిల్లా (తర్వాత ప్రకాశం) ఏర్పడేదాకా పొదిలి, కనిగిరి అందులోవే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ నీళ్లను ఖనిజాల పేరుతో పిల్లలకు పట్టిస్తే పళ్ల మీద చారలు పడతాయి, ఏళ్లు గడిస్తే ఎముకలు బిగుసుకుపోతాయి. ప్లాంటు నీళ్లలో పోయిన కాల్షియాన్ని తిండిలో తెచ్చుకోవచ్చు. గ్లాసు పాలలో 200 మిల్లీగ్రాములకు పైగా, 100 గ్రాముల రాగిపిండిలో 300కు పైగా ఉంటుంది.

దీర్ఘకాలిక పాంక్రియాటైటిస్‌కు భోజనంతో పాటు ఎంజైమ్ క్యాప్సూల్ వేసుకునేవాళ్లు దాన్ని మానితే కొవ్వు అరగదు, బరువు తగ్గిపోతారు. మలం జిడ్డుగా తేలుతున్నా, పొట్ట పైభాగంలో నొప్పి వీపుకు పాకుతున్నా చుక్కలు కొనకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. రక్తంలో లైపేజ్, మలంలో ఎలాస్టేజ్ అనే క్లోమ ఎంజైములను చూసే పరీక్షలు ఉన్నాయి, అవసరమైనవి ఆయన రాస్తారు.