పన్ను భారం ఎవరు మోయాలి? విరిగిన బ్రిడ్జి గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ జిర్కోనియా బ్రిడ్జి గారి దివ్య సముఖమునకు,

నా నోట్లో పోయిన పన్ను ఖాళీని పూడ్చడానికి, జిర్కోనియా అనే గట్టి సిరామిక్‌తో చేసి పెట్టిన కట్టుడు పళ్ల బ్రిడ్జి తమరు. ప్రస్తుతం నా బల్ల మీద, ఉంగరం పట్టేంత ప్లాస్టిక్ డబ్బాలో, నాలుగు ముక్కలుగా విశ్రాంతి తీసుకుంటున్నారు. ఇందులో నేను ఐస్ ముక్క కొరికినప్పుడు మీరు స్వయంగా విరిగింది ఒక్క చోటే. మిగతావి డాక్టరు గారు కోసినవి. విరిగాక కూడా నా పళ్లను వదలనని మొండికేశారు కదా, వజ్రపు బర్ పెట్టి, నీళ్లు చిమ్ముతూ, ముప్పావు గంట కోశారు. ఆ ముప్పావు గంటా నోరు తెరిచి పైకప్పు చూస్తూ పడుకున్న నాకు ఒకటే అనుమానం. వజ్రానికే ఇంత లొంగని వారు ఐస్ ముక్కకు ఎలా లొంగారు?

నేను రెండు రకాల పన్నులు కట్టాను. ఒకటి ఏటేటా కట్టేది, రెండోది కుర్చీలో పడుకుని కట్టించుకునేది. రెండింట్లోనూ పన్ను భారం ఎవరో మోస్తున్నట్టు కాగితం మీద ఉంటుంది, మోసేది మాత్రం ఇంకెవరో.

మీ కొలువు సంగతే చూడండి. కింది దవడలో ఒక పన్ను పోయింది. ఆ ఖాళీకి అటూ ఇటూ ఉన్న రెండు పళ్లు ఏ పాపం ఎరుగవు. వాటిని చుట్టూ చెక్కి మొండేలు చేసి, మీ తొడుగులు తగిలించి, మధ్యలో ఒక డమ్మీ పన్నును వేలాడదీశారు. దాన్ని పాంటిక్ అంటారట. దానికి వేరు లేదు, నరం లేదు, చిగుళ్లను ఆనీ ఆననట్టు కూర్చుంటుంది. నమిలేటప్పుడు మాత్రం ముందు వరసలో ఉంటుంది, బరువు మొత్తం పక్కవాళ్లకు తోసేస్తుంది. ఇలాంటి ఉద్యోగిని ప్రతి ఆఫీసులోనూ చూస్తాం, కాకపోతే అక్కడ పక్కవాళ్లను చెక్కే పని మెల్లగా జరుగుతుంది.

మీ వంశం పాతదే. ఎట్రుస్కన్లు క్రీస్తు పూర్వమే బంగారు పట్టీలతో పోయిన పన్ను స్థానంలో ఇంకో పన్ను కట్టించుకున్నారు. నా నోట్లో మాత్రం మీకంటే ముందు కూర్చున్నది మెటల్-సిరామిక్ బ్రిడ్జి. లోపల కోబాల్ట్-క్రోమియం అనే మిశ్రలోహం, పైన పంటిరంగు పింగాణీ. పైన పటారం లోన లొటారం అని దాన్ని చూసి అనుకునేవాణ్ణి. తప్పు. అక్కడ లోనిదే గట్టిది, లొటారమంతా పటారంలోనే ఉంది. లోహమూ మామూలు పింగాణీ వేడికి ఒకేలా సాగవు, చల్లారితే ఒకేలా ముడుచుకోవు. పింగాణీలో ల్యూసైట్ అనే ఖనిజ స్ఫటికాలు ఉండేలా చేసి ఆ తేడాను సర్దే పద్ధతికి అమెరికాలో 1962లో పేటెంట్లు వచ్చాయి. చల్లారేటప్పుడు లోహం వెంట్రుకవాసి ఎక్కువ ముడుచుకోవాలి. అప్పుడు పైనున్న పింగాణీ నొక్కుకుపోయి ఉంటుంది, దానికి అదే క్షేమం. నొక్కుడు భరిస్తుంది, లాగుడు భరించదు. అంటే కంప్రెషన్ ఫర్వాలేదు, టెన్షన్ పడదు. ఈ ఒక్క విషయంలో నేనూ పింగాణీయే.

ఆ పెద్దాయన తొమ్మిదేళ్లు చేశాడు. పదో ఏట ఒక మూల పెచ్చు ఊడి, నోరు బార్లా తెరిచి నవ్వితే నల్లగా కనపడటం మొదలైంది. నమలడానికి ఏ ఇబ్బందీ లేదు. అయినా నాకు నామోషీ. "ఈసారి అన్నిటికంటే గట్టిది వెయ్యండి" అన్నాను. అలా వచ్చారు తమరు.

తమరి గురించి చదివినవి తక్కువేం కాదు. గార్వీ, హానింక్, పాస్కో అనే ముగ్గురు ఆస్ట్రేలియాలో జిర్కోనియా మీద పనిచేసి 1975లో ఒక పరిశోధనా పత్రం వేశారు. దాని పేరు 'సిరామిక్ స్టీలా?' అని, చివర ప్రశ్నార్థకంతో. మీ లోపల పగులు మొదలైతే, దాని మొన దగ్గరున్న స్ఫటికాలు రూపం మార్చుకుని నూటికి నాలుగైదు వంతులు ఉబ్బుతాయి. ఆ ఉబ్బు పగులు నోరు నొక్కేస్తుంది. గొడవ మొదలైన చోటికి చుట్టుపక్కల వాళ్లంతా వచ్చి ఒళ్లు విరుచుకుని నిలబడ్డట్టు. నిజంగా గొప్ప సంగతే. కాకపోతే ఆ ముగ్గురూ జాగ్రత్తగా పెట్టిన ప్రశ్నార్థకం నా చెవిన పడే సమయానికి ఎక్కడో రాలిపోయింది.

అసలు తిరకాసు 'గట్టి' అన్న మాటలోనే ఉంది. ఈ ఒక్క మాటతో మూడు వేరు వేరు సంగతులు చెప్పేస్తాం. గీత పడకపోవడం గట్టి, వంగకపోవడం గట్టి, విరగకపోవడం గట్టి. మీరు మూడింట్లోనూ ఫస్ట్ క్లాసే, కాదనను. వంచి విరిచే పరీక్షలో మామూలు పింగాణీ 100 మెగాపాస్కల్స్ (ఒత్తిడికి కొలత) దగ్గరే చేతులెత్తేస్తుంది, లిథియం డైసిలికేట్ అనే గాజు సిరామిక్ 400 దాకా వస్తుంది, మీ రకం జిర్కోనియా 900 దాటుతుంది. వంగకపోవడంలో మీ లెక్క 200 గిగాపాస్కల్స్ చుట్టూ, కోబాల్ట్-క్రోమియం కూడా ఇంచుమించు అంతే. మీ కింద ఉన్న నా పంటి డెంటిన్‌ది, అంటే ఎనామెల్ కింది పొరది, 18 దగ్గర. అంటే పదింతల బిగుసుకున్న అధికారిని తీసుకొచ్చి మెత్తటి మనుషుల నెత్తిన కూర్చోబెట్టామన్నమాట.

వంగని వాళ్ల కష్టం ఏమిటో మీరు పోయాక వచ్చిన తాత్కాలిక బ్రిడ్జిని చూసి తెలుసుకున్నాను. అది యాక్రిలిక్. దాని లెక్క రెండు మూడు గిగాపాస్కల్సే. నొక్కితే వంగేది, వదిలితే లేచేది, ఎవరికీ ఎదురు చెప్పేది కాదు. మూడో వారానికి దాని ఒక కొస కింద, పంటికి అతికించే సిమెంట్ విడిపోయింది. తను వంగి తప్పించుకున్న భారం వెళ్లి సిమెంట్ మీద పడింది. అత్త మీద కోపం దుత్త మీద అంటే ఇదే. మీలాంటి వారైతే ఆ కోపం దుత్త దాకా పోనివ్వరు, లోపలే అణుచుకుంటారు. మంచితనమే, కానీ అణుచుకున్నదంతా ఒక్కచోట పోగయితే ఏమవుతుందో ఈ డబ్బాలో కనిపిస్తోంది.

డాక్టరు గారు మీ పాంటిక్ ముక్కను పట్టకారుతో పట్టి భూతద్దం కింద పెట్టి చూపించారు. విరిగిన ముఖం మీద చిగుళ్ల వైపు ఒక చిన్న నున్నటి మచ్చ, అక్కడి నుంచి పైకి విసనకర్రలా విచ్చుకున్న గీతలు. పైఅంచున, నమిలే వైపు, సన్నగా పెదవి మడిచినట్టు ఒక వంపు. "కింద మొదలైంది, పైన ముగిసింది" అన్నారాయన. నేను ఐస్ కొరికింది పైన కదా అని అడిగాను. సుద్దముక్కను రెండు చేతులతో వంచి చూడమన్నారు. ఎటు వంచామో ఆ లోపలి వైపు నొక్కుకుంటుంది, బయటి వైపు సాగుతుంది. పాంటిక్ మీద పైనుంచి నొక్కితే దాన్ని పక్క తొడుగుకు కలిపే మెడ, అంటే కనెక్టర్, అడుగున సాగుతుంది. పగులు పుట్టేది అక్కడే. దవడ పళ్లను గట్టిగా బిగిస్తే చాలామందిలో 500 నుంచి 700 న్యూటన్ల బలం వస్తుంది, యాభై నుంచి డెబ్బై కిలోల మనిషి ఆ మెడ మీద ఒంటికాలిపై నిలబడ్డట్టు. ఐస్ ముక్క పాపం పిలిస్తే పలికిన ఆఖరి వాడు. అంతకు ముందు లక్షల సార్లు నమిలాను.

ఇక్కడ మీ ముందు నేను తల దించుకోవాలి.

మీరు తయారయ్యే రోజుల్లో నేను రెండో కోరిక కూడా కోరాను. "పళ్లు అతుక్కుపోయినట్టు ఉండకూడదు, విడివిడిగా కనపడాలి" అని. ఒకసారి కాదు, మూడుసార్లు. డాక్టరు గారు వద్దన్నారు, నేను వినలేదు. ల్యాబ్‌లో మీ కనెక్టర్‌ను అన్ని వైపుల నుంచీ సన్నం చేసి, అడుగున పంటికీ పంటికీ మధ్య పదునుగా వీ ఆకారంలో గాటు పెట్టారు. అద్దంలో చూసుకుని మురిసిపోయాను. ఆ వెనక పళ్లు చూడటానికి ఎవరు వస్తారన్న ఆలోచనే రాలేదు.

వంపు లెక్కలు నిర్దయగా ఉంటాయి. వెడల్పు మారకుండా మూడు మిల్లీమీటర్లు ఉండాల్సిన ఎత్తు రెండుకు తగ్గితే, అదే బరువుకు ఆ మెడలో ఒత్తిడి రెండింతలు దాటుతుంది. దాని పైన పదునైన గాటు. గోరుచుట్టు మీద రోకటిపోటు. అదే మూల గుండ్రంగా ఉంటే ఒత్తిడి కాస్త పరుచుకునేది, తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు. మీ రకానికి వెనక పళ్లలో కనెక్టర్ అడ్డుకోత వైశాల్యం తొమ్మిది చదరపు మిల్లీమీటర్లు ఉండాలంటారు, లిథియం డైసిలికేట్‌కైతే పదహారు కావాలి. గట్టి మెటీరియల్ వల్ల వచ్చే లాభం ఆ పదహారుకీ తొమ్మిదికీ ఉన్న తేడా. నేనేమో తొమ్మిదిని కూడా నా అందం కోసం బేరమాడాను. ఖాళీ పొడవు పెరిగితే కథ ఇంకా ముదురుతుంది. ఒక పాంటిక్ బదులు రెండుంటే వంపు ఎనిమిదింతలు, మూడుంటే ఇరవై ఏడింతలు. నాకు పోయింది ఒక్క పన్నే కాబట్టి ఆ గొడవ తప్పింది.

ఈ మధ్య మెత్తటి పాలిమర్ బ్రిడ్జిల గురించి ఒకాయన చెప్పాడు, అవి షాక్ అబ్జార్బర్లట, ఎముకను కాపాడతాయట. కంప్యూటర్‌లో దవడను ముక్కలు ముక్కలుగా విడగొట్టి ఒత్తిడికి రంగులు వేసే బొమ్మలు చూశాను. మెటీరియల్ మారిస్తే బ్రిడ్జి లోపల ఎక్కువ ఒత్తిడిని చూపే ఎరుపు ఎక్కడెక్కడికో పరిగెడుతుంది, సిమెంట్ దగ్గర కూడా మారుతుంది. ఎముక దగ్గర మాత్రం అంతగా చలనం ఉండదు. ఎందుకుంటుంది? పైన నొక్కింది ఎంతో కింద ఎముకకు చేరేదీ అంతే, మధ్యలో ఎవరు ఎంత మెత్తగా ఉన్నా లెక్క ఎగవేయలేరు. అయినా పంటి వేరుకూ ఎముకకూ మధ్య పావు మిల్లీమీటరు కూడా లేని పీచుపొర ఒకటి పుట్టుకతోనే ఉంది. అసలు షాక్ అబ్జార్బర్ అది. దానికి ఎవరూ బ్రోషర్ వేయరు.

మీ స్థానంలో ఇప్పుడు మీ తమ్ముణ్ణి కూర్చోబెట్టాం. అతనూ జిర్కోనియాయే, ఆశ్చర్యపోకండి. కనెక్టర్ ఎత్తుగా, అడుగున యూ ఆకారంలో నున్నగా ఉంది. ఇంకొంచెం మందం పెంచమన్నాను, ఈసారి ఆ పక్క నుంచి అతి చేస్తూ. "అప్పుడు కింద బ్రష్ దూరదు, చిగుళ్లు వాస్తాయి" అని డాక్టరు గారు నోరు మూయించారు, అంటే తెరిపించారు. పళ్లు కాస్త అతుక్కున్నట్టే కనపడుతున్నాయి. ఇంటికెళ్లి నోరు తెరిచి మా ఆవిడకు చూపించి ఎలా ఉందని అడిగాను. టార్చ్ వేసి చాలాసేపు చూసింది.

"ఇందులో కట్టించుకున్నది ఏది?" అంది.

ఇట్లు,
రెండు పక్కలా నములుతున్న మీ మాజీ యజమాని

తా.క.: డబ్బా మూత ఇంకా గట్టిగా పెట్టలేదు. మీ విరిగిన ముఖాన్ని ఫోటో తీసి ల్యాబ్ గోడకు అంటిస్తామన్నారు. అడుగు వైపు నుంచి తీయమని చెప్పాను.