కింద పనిచేసినవాళ్లను అడగకుండా కల్నల్ ప్రమోషనా?

సైన్యంలో అధికారులను ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకి వెళ్లొచ్చిన కుర్రాణ్ని ఎవరినైనా అడగండి, ఐదు రోజులు ఎలా పిండుతారో చెబుతాడు. సైకాలజిస్టు బొమ్మలు చూపించి కథలు రాయిస్తాడు. ఇంటర్వ్యూ ఆఫీసర్ ఇంటి సంగతుల దాకా తవ్వుతాడు. మైదానంలో జట్టు పరీక్షలు పెట్టే అధికారి, జీటీవో, పలకలు, తాడు, ఒక బరువు ఇచ్చి అడ్డంకి దాటమంటాడు. ఎవడు తోటివాడి మాట విన్నాడు, ఎవడు తాడు వదలకుండా తన పంతమే నెగ్గించుకున్నాడు, అన్నీ రాసుకుంటాడు. కలికిరి సైనిక్ స్కూల్ పిల్లలు, తిరుపతి కాలేజీల ఎన్‌సీసీ క్యాడెట్లు ఏళ్ల తరబడి కష్టపడేది ఈ పరీక్ష కోసమే.

మరి అదే కుర్రాడు లెఫ్టినెంట్ కల్నల్ అయ్యాక? సుమారు ఎనిమిది వందల మంది ఉండే బెటాలియన్‌ను చేతికిచ్చే ముందు కల్నల్ ప్రమోషన్ తేల్చే నంబర్ 3 సెలెక్షన్ బోర్డు అతని ముఖమైనా చూడదు. ఫైలు చూస్తుంది. అందులో బరువంతా ఏసీఆర్‌లదే, అంటే ఏటా రాసే రహస్య పనితీరు నివేదికలదే. రాసేది పై అధికారి, సమీక్షించేది ఆ పైవాళ్లు. తొమ్మిది మార్కులకు ఎనిమిదా, తొమ్మిదా అన్న తేడాతో కెరీర్లు తెల్లారిపోతాయి. అతని కింద పనిచేసిన కెప్టెన్‌ని, సుబేదార్‌ని మాత్రం ఒక్క మాట అడగరు.

నాయకత్వంపై జరిగిన పరిశోధన మొత్తుకునేది ఇక్కడే. పైవాళ్ల దగ్గర వినయంగా ఉండి కిందివాళ్లను నలిపేసే అధికారి ఎలాంటివాడో పైనుంచి చూస్తే తెలియదు. అమెరికా సైన్యం 2020లో బెటాలియన్ కమాండర్ల ఎంపికకు కొత్త పద్ధతి తెచ్చింది. తోటివాళ్ల, కిందివాళ్ల అభిప్రాయాలు తీసుకుంది, సైకాలజిస్టులతో మాట్లాడించింది, ఇంటర్వ్యూలో అభ్యర్థికీ ప్యానెల్‌కూ మధ్య నల్లటి తెర కట్టింది. అభ్యర్థి ఎవరో ప్యానెల్‌కు తెలియకూడదని.

కిందివాళ్లను అడిగితే క్రమశిక్షణ పోతుందని, మెతకవాళ్లకే మార్కులు పడతాయని కొందరి భయం. ఓట్లు వేయించమని ఎవరూ అనడం లేదు. కఠినంగా ఉండే అధికారికీ, అవమానించే అధికారికీ తేడా జవానుకు బాగా తెలుసు. ఏసీఆర్ మాత్రం నిష్పాక్షికమా? మహిళా అధికారుల ఏసీఆర్‌లను పట్టీపట్టనట్టు రాసిన సంగతిని 2021 మార్చి తీర్పులో సుప్రీంకోర్టే ఎత్తిచూపింది.

నిజానికి ఇది సైన్యం ఒక్కదాని జబ్బు కాదు. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు నడిపే డ్రైవర్‌కు తన డిపో మేనేజర్ ఎలాంటివాడో తెలుసు. చిత్తూరు మారుమూల స్కూల్లో టీచరుకు తన హెడ్మాస్టర్ సంగతి తెలుసు. మండలాఫీసు గుమస్తాకు తహసీల్దార్ గురించి తెలుసు. ప్రమోషన్ ఫైలు వీళ్లెవరి దగ్గరికీ రాదు. పైవాడి మెప్పే అర్హత అయిపోయిన చోట అధికారి చూపు ఎప్పుడూ పైకే ఉంటుంది, అర్జీ పట్టుకుని నిలబడ్డ మనిషి వైపు తిరగదు.

మొదలు సైన్యంతోనే పెట్టాలి. కల్నల్ బోర్డుకు వెళ్లే ప్రతి అధికారి గురించి అతని కింద పనిచేసిన అధికారులు, జేసీవోల (సుబేదార్ వంటి జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్ల) అభిప్రాయాన్ని పేర్లు బయటపడకుండా సేకరించి ఫైలులో చేర్చాలి. ఆజ్ఞకు ప్రాణమిచ్చే సైన్యమే ఆ పని చేస్తే, మన కలెక్టరేట్లు తప్పించుకోవడానికి ఏ సాకూ మిగలదు.