ఎనిమిది వేయించేవాళ్లు నంబర్ ప్లేట్ ఎందుకు చదివించరు?

మా అక్క కొడుక్కి పద్దెనిమిది నిండిన వారానికే ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) స్లాట్ బుక్ చేశాం. ఆఫీసుకు ఎదురుగా ఒక జిరాక్స్ షాపు ఉంది. అప్లికేషన్‌తో పాటు ఫారం 1, అంటే బండి నడపడానికి ఆరోగ్యం బాగుందని మనమే రాసిచ్చే కాగితం, కూడా నింపాలన్నారు. షాపతను మావాడి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అడిగాడు. మిగతావేవీ అడగలేదు. మూర్ఛ ఉందా? లేదు. రేచీకటి ఉందా? లేదు. 25 మీటర్ల దూరంలో ఉన్న కారు నంబర్ ప్లేటును ఒక్కో కంటితో గుర్తుపట్టగలరా? గుర్తుపట్టగలను. టిక్కులన్నీ తనే పెట్టేసి, "ఇక్కడ సంతకం పెట్టు తమ్ముడూ" అంటూ కాగితం ఇటు తిప్పాడు. మావాడు పెట్టేశాడు. షాపతన్ని అనడానికేం లేదు. ఏళ్లుగా అలాగే నింపుతున్నాడు, ఒక్క కాగితం కూడా వెనక్కి రాలేదు.

స్లాట్‌కి ఇంకా అరగంట టైముంది. రోడ్డు పక్కన ఒక తెల్ల కారు ఆగి ఉంటే, దాని దగ్గర నుంచి పెద్ద అంగలు ముప్పై లెక్కపెట్టి వాణ్ని అక్కడ నిలబెట్టాను. నంబరు చదవమంటే గడగడా చదివేశాడు. కుడి కన్ను మూసుకుని చదవమన్నాను, మళ్లీ చదివాడు. ఎడమ కన్ను మూసుకోమన్నాను. ఆగిపోయాడు. "టీఎస్సా, టీజీయా మామయ్యా?" అన్నాడు. తర్వాతి అంకె మూడో ఎనిమిదో తేల్చుకోలేకపోయాడు. కళ్లు నులుముకుని మళ్లీ ప్రయత్నించాడు, ముందుకు రెండడుగులు వేశాడు, అయినా రాలేదు.

ఆ రోజు స్లాట్ వదిలేశాం. కంటి డాక్టరు చూసి కుడి కంటికి మైనస్ రెండున్నర అన్నారు. ఎడమ కన్ను దాదాపు మామూలుగానే ఉంది. బాగున్న కన్ను రెండోదాని లోటును ఇన్నాళ్లూ కప్పేసింది. వాడికి సైట్ ఉందని వాడికే తెలియదు, మా అక్కకూ తెలియదు, తెచ్చుకున్న మార్కులు చూసి స్కూల్లోనూ ఎవరికీ అనుమానం రాలేదు. ఫారంలో "ఒక్కో కంటితో" అన్న మాట ఎందుకు రాశారో నాకు ఆ రోజు అర్థమైంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనలతో వచ్చిన ఆ ఫారం అడగాల్సిందే అడుగుతోంది. కానీ ఆ ప్రశ్నకు జవాబు మన మాట మీదే వదిలేశారు. మనమేమో దాన్ని జిరాక్స్ షాపతని పెన్నుకు వదిలేశాం.

మన దగ్గర బండి లైసెన్సు కోసం ఎవరైనా ఏం ప్రిపేర్ అవుతారో చూడండి. ఎల్‌ఎల్‌ఆర్‌కు కంప్యూటర్ మీద ట్రాఫిక్ గుర్తుల పరీక్ష ఉంటుంది, నూటికి అరవై వస్తే పాస్. దానికోసం ఫోన్లో మోడల్ ప్రశ్నలు తిరగేస్తారు. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చాక కనీసం 30 రోజులు ఆగాలి, ఆరు నెలల్లోపు అసలు పరీక్షకు వెళ్లాలి. ఈ మధ్యలో ఖాళీ స్థలంలో ఇటుకలు పేర్చుకుని ఎనిమిది వేయడం, అంటే కాలు కింద పెట్టకుండా 8 అంకె ఆకారంలో బండి తిప్పడం, నేర్చుకుంటారు. కళ్లు చూపించుకోవాలని ఎవరికీ తోచదు, ఎవరూ చెప్పరు కూడా. కొన్ని రాష్ట్రాల్లో ఆధార్‌తో ఇంటి నుంచే ఎల్‌ఎల్‌ఆర్ పరీక్ష రాసే వీలు వచ్చింది. జనానికి తిరుగుడు తప్పించే మంచి పనే అది. కానీ అక్కడ అభ్యర్థి కళ్లజోడు పెట్టుకున్నాడో లేదో చూసే మనిషి కూడా ఎదురుగా ఉండడు.

ఎనిమిది గురించి కాస్త చెప్పాలి. మావాడికి నేర్పిస్తున్నప్పుడు నేను గమనించిన సంగతి ఒకటుంది. కాలు కింద పెడితే ఫెయిల్ అన్న టెన్షన్‌లో పిల్లలు ముందు చక్రాన్నే చూస్తూ బండి తిప్పుతారు. చక్రాన్ని చూస్తే హ్యాండిల్ తడబడుతుంది, కాలు దానంతట అదే కిందికి దిగుతుంది. మలుపు ఎక్కడ పూర్తవుతుందో అక్కడ చూపు నిలపాలి. చూపుతో పాటు మెడ తిరగాలి. ఫస్ట్ గేరులో, క్లచ్ సగం పట్టుకుని, వేగం ఎక్కువనిపిస్తే వెనక బ్రేకు కొద్దిగా ఆనించి, మలుపులో ముందు బ్రేకు జోలికి పోకుండా నడిపితే బండి చెప్పినట్టు వింటుంది. మావాడు మూడు రోజులు కాలు పెడుతూనే ఉన్నాడు. నాలుగో రోజు గోడ మీది పోస్టరును చూస్తూ తిప్పమన్నాను, అంతే, ఎనిమిది పడింది. బండిని తిప్పేది చేతులే అయినా దారి చూపేది కళ్లు. బండి నేర్పే ప్రతి మనిషికీ ఈ సంగతి తెలుసు. పరీక్ష పెట్టేవాళ్లు మాత్రం బ్యాలెన్సు చూసి వదిలేస్తున్నారు.

ఎనిమిది నడిచే వేగానికి కాస్త ఎక్కువలో వేస్తాం. రోడ్డు మీద సంగతి వేరు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది, 60లో దాదాపు 17 మీటర్లు. అంటే 60లో పోయేవాడికి ఆ 25 మీటర్లు దాటడానికి ఒకటిన్నర సెకను చాలు. ఎదురుగా ఏముందో కంటికి ఆని, మెదడుకు తెలిసి, చెయ్యి బ్రేకు మీద పడడానికే ఒక సెకను అయిపోతుంది. చూపు మసగ్గా ఉన్నవాడికి గుంత గానీ, రంగు వేయని స్పీడ్ బ్రేకర్ గానీ, లైటు లేకుండా ఆగిన ట్రాక్టర్ ట్రాలీ గానీ ఆనేసరికే ఉన్న ఆ కాస్త దూరమూ సగం కరిగిపోతుంది. కారులో ఉంటే చుట్టూ ఇనుప పెట్టె ఉంటుంది. బండి మీద మన ఒళ్లే ముందు తగులుతుంది. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు. ఆ నివేదికలో ప్రమాదాలకు కారణాలుగా అతివేగం, తాగి నడపడం, రాంగ్ రూట్, సెల్‌ఫోన్ లాంటి గడులున్నాయి. చూపు అనే గడి లేదు. సరిగా కనిపించక గుద్దిన బండి కూడా అతివేగం కిందో ఇతరత్రా కిందో వెళ్లిపోతుంది. లెక్కలో లేని జబ్బుకు ఏ ప్రభుత్వమూ మందు వెతకదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది వయసు లెక్క. 2019లో చట్టానికి చేసిన సవరణ తర్వాత, ముప్పై ఏళ్లలోపు తీసుకున్న లైసెన్సు నలభై ఏళ్లు వచ్చేదాకా చెల్లుతుంది. పద్దెనిమిదికి టిక్కు పెట్టినవాణ్ని మళ్లీ ఇరవై రెండేళ్ల దాకా కళ్ల గురించి ఎవరూ అడగరన్నమాట. నలభై దాటినవాళ్లు ఫారం 1ఏ మీద డాక్టరు సర్టిఫికెట్ తేవాలి. నలభైకి వచ్చేది చత్వారం, ఆ మాటలోనే నలభై ఉంది. అది దగ్గరి చూపును దెబ్బతీస్తుంది, పేపరు చదవడానికి ఇబ్బంది పెడుతుంది. బండికి కావలసింది దూరపు చూపు. మనవాళ్లు సైట్ అనే ఆ దూరపు చూపు లోపం ఎక్కువమందికి బడి వయసులోనే మొదలై, కొందరికి ఇరవైల్లో కూడా పెరుగుతూ పోతుంది. సరిగ్గా ఆ ఏళ్లలోనే మన పిల్లలు బండి చేతికందిందని ఎక్కువగా తిరుగుతారు. నలభైలో అడగొద్దని అనడం లేదు. శుక్లాలు, షుగర్‌తో రెటీనాకు వచ్చే దెబ్బ, చప్పుడు లేకుండా పక్క చూపును తినేసే నీటికాసులు ఆ తర్వాత వచ్చేవే కదా. కానీ మొదటి ఇరవై రెండేళ్లను అలా ఖాళీగా వదిలేయడం నాకు అస్సలు మింగుడు పడదు.

ఇది మనకు చేతకాని పని కూడా కాదు. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కంటి వెలుగు మొదలైంది. మొదటి విడతలోనే తెలంగాణలో కోటిన్నర మందికి పైగా కళ్లు చూశారు, అవసరమైనవాళ్లకు కళ్లజోళ్లు ఇచ్చారు. 2023 జనవరిలో ఖమ్మంలో రెండో విడత మొదలుపెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న అనంతపురం నుంచి ఇలాంటి కార్యక్రమమే బడి పిల్లలతో మొదలైంది. ఊరి పంచాయతీ ఆఫీసులో బల్ల వేసి, గోడకు అక్షరాల చార్టు తగిలించి ముసలమ్మల చూపు కొలిచిన రాష్ట్రాలివి. లైసెన్సు కావాలని తనే నడిచి వచ్చి వరసలో నిలబడ్డ కుర్రవాడి చూపు కొలవడం వీటికి బరువా?

అమెరికా వెళ్లిన మన పిల్లలను అడగండి. డీఎంవీ (అక్కడ లైసెన్సులిచ్చే ఆఫీసు) కౌంటర్ దగ్గర చార్టు చదివించడమో, చిన్న మెషీన్‌లోకి చూడమనడమో చేస్తారు. చాలా రాష్ట్రాల్లో 20/40 చూపు ఉండాలి, మన లెక్కలో అది 6/12, అంటే మామూలు చూపున్నవాడు 12 మీటర్ల నుంచి చదివేదాన్ని 6 మీటర్ల నుంచైనా చదవగలగాలి. బ్రిటన్‌లో మోటార్‌సైకిల్ పరీక్ష రెండో భాగంలో, రోడ్డెక్కే ముందు 20 మీటర్ల దూరంలోని నంబర్ ప్లేటు చదవాలి, చదవలేకపోతే పరీక్ష ముందుకు సాగదు. మన నిబంధన దూరం 25 మీటర్లు. కాగితం మీద మనదే గట్టి షరతు.

నేను అడిగేది చాలా చిన్నది. ప్రతి టెస్ట్ ట్రాక్ దగ్గర నేల మీద ఒక తెల్ల గీత గీయండి. అక్కడికి 25 మీటర్ల దూరంలో గోడకు నంబర్ ప్లేటు తగిలించండి. ముందువాడు చదివింది విని వెనకవాడు బట్టీ పట్టకుండా ఆరేడు ప్లేట్లు మార్చుతూ ఉండండి. కుడి కన్ను మూసి ఒకసారి, ఎడమ కన్ను మూసి ఒకసారి చదివించండి. ఒక్కొక్కరికి నిమిషం కూడా పట్టదు. బండి వంతు వచ్చేదాకా వాళ్లు ఎలాగూ ఎండలో నిలబడే ఉంటారు.

ఈ మాట అంటే వెంటనే వచ్చే అభ్యంతరం నాకు తెలుసు, అది నిజాయితీగా అడిగేదే. బండి మీద పార్శిళ్లు మోసి బతికే కుర్రాళ్లు, పాలు పోసేవాళ్లు, తెల్లారకముందే మార్కెట్‌కు కూరగాయలు తెచ్చేవాళ్లు ఉన్నారు. ప్లేటు చదవలేదని వీళ్లను తిప్పి పంపితే పొట్ట కొట్టినట్టే కదా అంటారు. పొట్ట కొట్టనక్కర్లేదు. ఫారంలోనే "కళ్లజోడు ఉంటే దాంతో" అని స్పష్టంగా ఉంది. చదవలేనివాడికి కావలసింది కళ్లజోడు, అంతే. ట్రాక్ మీద ఫెయిలైనవాణ్ని ఏడు రోజుల తర్వాత మళ్లీ రానివ్వవచ్చని చట్టమే చెబుతోంది. ఆ ఏడు రోజుల్లో కళ్లు చూపించుకుని, జోడు పెట్టుకుని రావచ్చు. కొనలేనివాళ్లకు ఆఫీసు నుంచే సర్కారు దవాఖానాకు చీటీ రాసి పంపితే, రోడ్డుతో పాటు వాళ్ల బతుకుతెరువూ బాగుపడుతుంది. చూపు మసకగా ఉండి ఎనిమిది గంటలు బండి మీద తిరిగేవాడికి సాయంత్రానికి వచ్చే తలనొప్పి ఎలా ఉంటుందో వాడినే అడగాలి.

కళ్లజోడంటే మనలో ఉన్న బెరుకు కూడా ఇందులో కలిసి ఉంది. సోడాబుడ్డి అని ఏడిపిస్తారని అబ్బాయిలు జేబులో పెట్టుకుంటారు. సంబంధాలు చూస్తున్న ఆడపిల్ల అయితే ఇంట్లోవాళ్లే తీసేయమంటారు. తీరా ఆ పిల్ల స్కూటీ మీద ఆఫీసుకు వెళ్లేటప్పుడు కూడా జోడు బ్యాగులోనే ఉంటుంది. హెల్మెట్‌తో కుదరడం లేదని ఇంకొందరు తీసేస్తారు. ముందు హెల్మెట్ పెట్టుకుని, ఆ తర్వాత కళ్లజోడు కాడల్ని పక్క సందులోంచి నెమ్మదిగా జరపాలి. హెల్మెట్ కొనేటప్పుడే జోడు పెట్టుకుని చూసుకుంటే ఈ బాధ ఉండదు. గీతలు పడ్డ వైజర్‌ను మార్చేయాలి. పగలు కనిపించని ఆ గీతలే రాత్రి ఎదుటి బండి లైటు పడగానే కళ్ల ముందు మొత్తం తెల్లగా పరుచుకుంటాయి.

రంగుల విషయంలో భయపడి ఆగిపోయేవాళ్లున్నారు, వాళ్లకో మాట. 2020 జూన్‌లో కేంద్రం నిబంధనలు మార్చింది. తక్కువ, మధ్యస్థ స్థాయిలో రంగుల తేడా తెలియనివాళ్లకు ఇప్పుడు లైసెన్సు ఇస్తారు. తీవ్రంగా ఉన్నవాళ్లకే అడ్డంకి. కాబట్టి దాచిపెట్టడం కంటే డాక్టరుకు చూపించుకుని ఉన్నదున్నట్టు చెప్పడమే మేలు. తప్పుడు వివరాలతో తీసుకున్నట్టు తేలితే ఆ లైసెన్సు రద్దు చేసే అధికారం చట్టంలో ఉంది.

నంబర్ ప్లేటు చదివినంత మాత్రాన అన్నీ తేలిపోవు. పగటి వెలుతురులో నిలబడి చదివేవాడికి రాత్రి వానలో ఎలా కనిపిస్తుందో అది చెప్పదు. పక్క చూపునూ అది కొలవదు. అయినా మా అక్క కొడుకు లాంటి వాళ్లను పట్టుకోవడానికి ఆ ఒక్క ప్లేటు సరిపోయింది. స్లాట్ బుక్ చేసుకున్న రోజే, సాయంత్రం కాకముందే ఇంటి దగ్గర ఆగి ఉన్న ఏదైనా కారు ముందు ముప్పై అంగలు కొలిచి నిలబడండి. ఒక కన్ను మూయండి, చదవండి. రెండోది మూయండి, చదవండి.

మావాడికి కళ్లజోడు వచ్చిన రాత్రి నన్ను వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడు వాళ్ల నాన్న. మావాడు పక్కన ఇంకో బండి వెనక కూర్చున్నాడు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు "మామయ్యా, ఆ షాపు బోర్డు కింద చిన్నక్షరాలు కూడా ఉన్నాయా!" అన్నాడు. రెండు వారాల తర్వాత మళ్లీ స్లాట్ తీసుకున్నాం. అదే జిరాక్స్ షాపు, అదే ఫారం. ఈసారి షాపతని చేతిలోంచి పెన్ను వాడే తీసుకుని, ఒక్కో ప్రశ్న చదివి, వాడే టిక్కు పెట్టాడు.